ఆలుగడ్డ విత్తనానికి నాటే ముందే మొలక

ఆలుగడ్డకు విత్తనం ఆలుగడ్డే. చేలో గింజ వేయరు, గడ్డనే నాటుతారు. ఆ గడ్డ మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. రైతులు వాటిని కళ్ళు అంటారు. ఒక్కో కంటిలో కొన్ని మొగ్గలు అణిగి ఉంటాయి. మొగ్గ లేస్తే మొలక అవుతుంది. మొలక పెరిగితే కాండం అవుతుంది. ఆ కాండం అడుగు భాగం నుంచి మట్టిలో పక్కకు తీగలు పాకుతాయి. తీగల కొసలు ఉబ్బి కొత్త గడ్డలవుతాయి. పంటంతా ఆ కంటి దగ్గరే మొదలవుతుంది.

ఆ మొగ్గ ఎక్కడ లేవాలి? మట్టిలో పడ్డాక లేవాలా, పడే ముందే లేచి ఉండాలా? ఈ ప్రసంగం ఆ ఒక్క సంగతి గురించే. విత్తనపు గడ్డలను నాటడానికి పది పదిహేను రోజుల ముందు నీడలో, వెలుతురు తగిలేలా పరచాలి. పొట్టిగా, లావుగా మొలకలు రానివ్వాలి. ఆ తర్వాతే నాటాలి. పద్ధతి చాలా పాతది. ఖర్చు దాదాపు ఉండదు. కాస్త చోటు, కాస్త ముందుచూపు ఉంటే చాలు.

వరి పండించే ఇళ్ళలో ఇలాంటి పని తరతరాలుగా ఉంది. వడ్లను పొడిగా తీసుకెళ్ళి నారుమడిలో చల్లరు. ముందు నానబోస్తారు. గోనె సంచిలో మండె కడతారు. ముక్కు పగిలి మొలక కనిపించాకే మడిలో చల్లుతారు. మడిలో పడ్డ గింజ అప్పటికే బయలుదేరి ఉంటుంది. అందుకే నారు ఒకేసారి లేస్తుంది. ఆలుగడ్డకు చేసేదీ అదే. కానీ ఒక పెద్ద తేడా ఉంది. మండె కట్టిన వడ్లకు తడి, చీకటి, వెచ్చదనం కావాలి. ఆలుగడ్డకు పొడిదనం, వెలుతురు, చల్లదనం కావాలి. ఆలుగడ్డను కూడా తడిపి సంచిలో మూట కడితే కుళ్ళిపోతుంది. శ్రోతలు ఈ తేడాను బాగా గుర్తుంచుకోవాలి.

తెలంగాణలో ఆలుగడ్డ అనగానే జహీరాబాద్, కోహిర్ ప్రాంతాలు గుర్తొస్తాయి. అక్కడ ఎర్రనేలలున్నాయి. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు ఉండడం వల్ల చలికాలపు రాత్రులు బాగా చల్లబడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో పలమనేరు, కుప్పం వైపు, కోలారుకు ఆనుకుని ఉన్న ఎత్తయిన నేలల్లో ఈ పంట ఉంది. అక్కడ దీన్ని ఉర్లగడ్డ అంటారు. కోస్తాలో బంగాళాదుంప అంటారు. పేరు ఏదైనా పంట మనసు ఒకటే. దానికి చల్లని రాత్రి కావాలి.

గడ్డ కట్టడానికి 17 నుంచి 20 డిగ్రీల వేడి అనువైనది. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటుతున్న కొద్దీ గడ్డ కట్టడం తగ్గుతుంది. ఇంకా పెరిగితే ఆగిపోతుంది. మొక్క పచ్చగానే ఉంటుంది, ఆకులు గుబురుగానే ఉంటాయి. కానీ తవ్వి చూస్తే అడుగున ఏమీ ఉండదు. ఇక్కడి చలి ఎన్ని రోజులు? నవంబరులో మొదలై ఫిబ్రవరి వచ్చేసరికి సడలిపోతుంది. ఉత్తరాది రైతుకు ఉన్నంత పొడవైన చలికాలం ఇక్కడి రైతుకు లేదు. అక్టోబరు మొదట్లోనే నాటుదామంటే నేల ఇంకా వేడిగా ఉంటుంది, విత్తనం కుళ్ళుతుంది. డిసెంబరులో నాటితే గడ్డ ఊరే వేళకు ఎండలు ముదురుతాయి. అందుకే అక్టోబరు నడిమి నుంచి నవంబరు నడిమి వరకు నాటుతారు. ఆ తర్వాత చేతిలో ఉండేది ఎనభై, తొంభై చల్లని రోజులు.

ఇక లెక్క చూడండి. నిద్ర పూర్తిగా వదలని గడ్డను నాటితే అది మట్టి పైకి రావడానికి మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు వారాలు పడుతుంది. మొలకెత్తిన గడ్డ పది పన్నెండు రోజుల్లో పైకి వస్తుంది. అంటే రెండు వారాల వరకు తేడా. ఉన్నవే ఎనభై తొంభై రోజులు. అందులో రెండు వారాలు మట్టి కింద ఖాళీగా పోతే ఆ నష్టం ఎరువు వేసినా తీరదు, నీరు పెట్టినా తీరదు. గడ్డ మేలుకోవడానికి పట్టే రోజులు ఇంటి నీడలో గడిచిపోవాలి. చేలో గడిచే ప్రతి చల్లని రోజూ గడ్డ ఊరడానికే ఉపయోగపడాలి. ఈ పద్ధతికి అసలు కారణం ఇదే.

బ్రిటన్‌లో పెరటి తోటలు పెంచేవారు కూడా ఇదే పని చేస్తారు. జనవరి చివర్లో, ఫిబ్రవరిలో విత్తనపు గడ్డలను కోడిగుడ్ల అట్టల్లో నిలబెట్టి కిటికీ దగ్గర పెడతారు. మార్చిలో, ఏప్రిల్‌లో నాటుతారు. ఆ దేశంలో స్థిరపడి ఇంటి వెనక కూరగాయలు పండించే తెలుగువారికి ఈ దృశ్యం తెలిసినదే. అక్కడ నేల బాగా చల్లగా ఉంటుంది. ఆ చలిలో గడ్డ త్వరగా కదలదు, అందుకే ఇంట్లో ముందే మొలక తెప్పిస్తారు. ఇక్కడి కారణం వేరు. ఇక్కడ చలి త్వరగా వెళ్ళిపోతుంది. కారణాలు ఎదురెదురుగా ఉన్నా రెండు చోట్లా ఉపాయం ఒకటే.

గడ్డకు ఒక వయసు ఉంటుంది. అది అర్థమైతే మిగతా పనులన్నీ సులువుగా అర్థమవుతాయి. తవ్వి తీసిన కొత్త గడ్డ వెంటనే మొలకెత్తదు. ఎంత మంచి నేలలో పెట్టినా, ఎంత నీరు పోసినా కదలదు. దీన్ని నిద్రావస్థ అంటారు. రకాన్ని బట్టి ఇది సుమారు రెండు నెలలు, కొన్ని రకాల్లో ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. నిద్ర వదిలాక మొదట ఒక్క మొలకే లేస్తుంది. అది గడ్డ తల వైపున, కళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న చోట వస్తుంది. ఆ మొలక మిగతా కళ్ళను లేవనివ్వదు. కొంతకాలం ఆగితే ఆ పట్టు సడలి చాలా కళ్ళ నుంచి మొలకలు వస్తాయి. నాటడానికి అదే సరైన వయసు. ఇంకా ఆలస్యం చేస్తే గడ్డ ముదిరిపోతుంది, ముడతలు పడుతుంది. దారాల్లా సన్నని మొలకలు వస్తాయి. మరీ ముదిరిన గడ్డను చల్లని నేలలో నాటితే ఒక్కోసారి మొక్కే పైకి రాదు. మట్టిలోనే ఆ మొలక చివర చిన్న చిన్న గడ్డలు కట్టి అంతటితో ఆగిపోతుంది.

అంటే మరీ పసి గడ్డా పనికిరాదు, మరీ ముసలి గడ్డా పనికిరాదు. చాలా కళ్ళు ఒకేసారి లేచే నడివయసు గడ్డ కావాలి.

ఇక్కడి రైతుకు విత్తనం ఎక్కువగా ఉత్తరాది నుంచి వస్తుంది. ఆగ్రా వైపు నుంచి లారీల్లో బస్తాలు దిగుతాయి. ఉత్తరాది మైదానాల్లో మంచి విత్తనం తయారు కావడం వెనక పెద్ద కృషి ఉంది. కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలైంది. 1956లో దాని ప్రధాన కార్యాలయం సిమ్లాకు మారింది. అంతకుముందు వైరస్ లేని విత్తనం కొండల్లోనే సాధ్యమని అనుకునేవారు. మైదానాల్లో పేనుబంక ఉధృతి తక్కువగా ఉండే కాలం ఒకటి ఉందని, ఆ కాలంలోనే విత్తనపు పంటను పెంచి, పేనుబంక పెరిగేలోపు ఆకుమొక్కను కోసేస్తే ఆరోగ్యమైన విత్తనం వస్తుందని ఆ సంస్థలో డాక్టర్ పుష్కర్‌నాథ్ చూపించారు. ఈ రోజు దక్షిణాది రైతు చేతికొచ్చే విత్తనపు బస్తా వెనక ఆ పరిశోధన ఉంది. రకాల పేర్ల ముందు వచ్చే కుఫ్రి అనేది సిమ్లా దగ్గరి ఊరి పేరు. కుఫ్రి జ్యోతి, కుఫ్రి పుఖ్‌రాజ్, కుఫ్రి చంద్రముఖి, వేడిని కాస్త తట్టుకునే కుఫ్రి సూర్య, ఇవన్నీ ఆ సంస్థ ఇచ్చిన రకాలే.

ఆ విత్తనాన్ని చలికాలం చివర తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెడతారు. అక్కడ 2 నుంచి 4 డిగ్రీల చలి ఉంటుంది. లోపల ఉండగానే గడ్డకు సహజమైన నిద్ర తీరిపోతుంది. కానీ అంత చలిలో మొలక కదలదు. అందువల్ల అక్టోబరులో బయటికి వచ్చే గడ్డ లేవడానికి సిద్ధంగా ఉంటుంది. దానికి కావలసినదల్లా మెల్లగా తగిలే వెచ్చదనం, కొద్దిగా వెలుతురు.

మెల్లగా అన్న మాట ముఖ్యం. చల్లటి గడ్డను ఒక్కసారిగా వేడిగాలిలోకి తెస్తే దాని మీద నీరు పడుతుంది. గడ్డ చెమట పట్టినట్టు తడిసిపోతుంది. ఆ తడి ఆరకముందే బస్తాల మీద బస్తాలు పేరిస్తే కుళ్ళు మొదలవుతుంది. అందుకే స్టోరేజీలోనే మరీ చల్లగా లేని గదిలో ఒక రోజైనా ఉంచి ఆ తర్వాత బయటికి తీయాలి. బయటికి తీశాక ఎండ తగలనివ్వకూడదు. లారీలో వచ్చిన బస్తాలను దించగానే మూతులు విప్పాలి. మర్నాడు చూద్దామని మూసి ఉంచితే లోపల వేడి పుడుతుంది. గడ్డ ఊపిరి పీలుస్తుంది. గాలి ఆడకపోతే, దానికి వేడి తోడైతే గడ్డ నడిమి భాగం నల్లబడుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. కోసి చూస్తేనే కనిపిస్తుంది. అలాంటి గడ్డ విత్తనానికి పనికిరాదు.

బస్తాలు విప్పాక మొదటి పని ఏరడం. కుళ్ళినవి, దెబ్బతిన్నవి, మెత్తబడినవి, నల్లమచ్చలు గట్టిగా అంటుకున్నవి తీసేయాలి. ఒక్క కుళ్ళిన గడ్డ చుట్టూ ఉన్నవాటిని చెడగొడుతుంది. ఈ ఏరివేత బస్తా దగ్గరే జరగాలి.

తర్వాత పరచడం. చోటు ఎలా ఉండాలి? పైన కప్పు ఉండాలి. గాలి అటూ ఇటూ ఆడాలి. ఎండ నేరుగా పడకూడదు. వెలుతురు మాత్రం రావాలి. పశువుల కొట్టం పక్కన తాటాకు పందిరి, ఇంటి ముందు వసారా, తలుపులు కిటికీలు తెరిచిన గది, చెట్టు నీడలో వేసిన షెడ్డు, ఏదైనా సరే. నేల మీద చాప గానీ శుభ్రమైన గోనెపట్టా గానీ వేసి గడ్డలను ఒక వరుసగా పరచాలి. చోటు చాలకపోతే రెండు వరుసలు. అంతకు మించకూడదు. కింద పడ్డ గడ్డకు వెలుతురు అందదు. కూరగాయల ప్లాస్టిక్ క్రేట్లు ఉంటే ఇంకా మంచిది. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చినా మధ్యలో గాలి, వెలుతురు ఆడతాయి. చేనుకు మోయడానికీ అవే పనికొస్తాయి.

కొద్ది విత్తనమే అయితే ప్రతి గడ్డనూ తల పైకి ఉండేలా నిలబెట్టవచ్చు. తల అంటే కళ్ళు ఎక్కువగా ఉన్న వైపు. తీగకు అంటుకుని ఉన్న వైపు తోక. అయితే ఎకరాకు కావలసిన విత్తనం క్వింటాళ్ళలో ఉంటుంది, ఒక్కో గడ్డను నిలబెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. పలచగా పరిస్తే సరిపోతుంది.

వెలుతురు ఎందుకు అంతగా కావాలి? దీనికి జవాబు ప్రతి వంటింట్లోనూ ఉంది. కూరగాయల బుట్ట అడుగున మరిచిపోయిన ఆలుగడ్డను చూడండి. చీకట్లో దానికి తెల్లటి మొలకలు వస్తాయి. బారెడు సాగుతాయి. చేయి తగిలితే విరిగిపోతాయి. చీకట్లో ఉన్న మొలక వెలుతురు కోసం వెతుకుతూ సాగిపోతుంది, ఒంట్లో ఉన్న పిండిపదార్థమంతా ఆ పొడుగుకే ఖర్చు పెడుతుంది. అదే గడ్డ కిటికీ పక్కన ఉంటే మొలక పొట్టిగా ఉండిపోతుంది. లావెక్కుతుంది. రకాన్ని బట్టి ఆకుపచ్చగానో ఊదారంగుగానో మారుతుంది. దాని అడుగున వేళ్ళు రాబోయే చోట చిన్న బుడిపెలు కనిపిస్తాయి. మట్టి తగలగానే వేళ్ళు అక్కడి నుంచే దిగుతాయి. చీకటి మొలక చేనుకు చేరేలోపే సగం విరిగిపోతుంది. వెలుతురు మొలక గంపలో దొర్లినా నిలబడుతుంది.

పెరూ రాజధాని లిమాలో 1971లో ఏర్పడిన అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం ఈ సూత్రం మీదే ఎంతో పని చేసింది. కోల్డ్ స్టోరేజీ లేని కొండ ప్రాంతాల రైతుల కోసం, చెక్క బల్లలతో అరలు కట్టి, ఎండ పడకుండా వెలుతురు వచ్చే చిన్న షెడ్లలో విత్తనం దాచే పద్ధతిని చాలా దేశాలకు అందించింది. కరెంటు లేకుండా, ఖరీదైన గది లేకుండా, వెలుతురుతోనే మొలకను అదుపులో పెట్టవచ్చని ఆ షెడ్లు చూపించాయి. ఇక్కడి రైతు వసారాలో పది రోజులు చేసే పనిని వారు నెలల తరబడి చేస్తారు.

మరోసారి చెప్పుకుందాం. నీడ కావాలి, చీకటి వద్దు. వెలుతురు కావాలి, ఎండ వద్దు. గాలి కావాలి, తడి వద్దు.

పరిచిన గడ్డలను రోజూ ఒకసారి చూడాలి. మెత్తబడినది కనిపిస్తే వెంటనే తీసేయాలి. నీళ్ళు చల్లకూడదు. అక్టోబరు పగళ్ళు వేడిగా ఉంటాయి కాబట్టి పగలు గోనెపట్టాల తెర దించి వేడిగాలిని ఆపి, రాత్రి తెర ఎత్తి చల్లగాలిని రానివ్వడం తెలివైన పని. 15 నుంచి 20 డిగ్రీల వేడిలో మొలకలు బాగా వస్తాయి. ఎలుకలు, పందికొక్కులు, కోళ్ళు, మేకలు దగ్గరికి రాకుండా చూసుకోవాలి. దుంప తొలిచే పురుగు కూడా ఈ రోజుల్లోనే గడ్డ కళ్ళ దగ్గర గుడ్లు పెట్టగలదు. కంటి దగ్గర సన్నటి పొట్టు లాంటి రెట్ట కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. ఆ గడ్డను దూరంగా పాతిపెట్టాలి.

నాలుగైదు రోజులకు కళ్ళు ఉబ్బుతాయి. వారం దాటాక మొలకలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక సెంటీమీటరు, లేదంటే ఒకటిన్నర సెంటీమీటర్ల మొలక నాటడానికి సరైనది. అంతకంటే పొడుగైతే విరిగే ప్రమాదం ఎక్కువ.

కొన్ని గడ్డలకు తల దగ్గర ఒక్క మొలకే వచ్చి మిగతా కళ్ళు అలాగే ఉండిపోతాయి. ఒక మొలకంటే ఒక కాండం. ఒక కాండంతో చెట్టు బలహీనంగా ఉంటుంది, గడ్డలు తక్కువ వస్తాయి. ఇలాంటప్పుడు ఆ ఒక్క మొలకను తుంచేయాలి. తుంచితే మిగతా కళ్ళు లేస్తాయి. కొన్ని రోజుల్లో మూడు నాలుగు మొలకలు వస్తాయి. ఈ పని ఒక్కసారే చేయాలి. ప్రతి మొలకా గడ్డలోని ఆహారాన్ని తినే పెరుగుతుంది. మళ్ళీ మళ్ళీ తుంచితే గడ్డ ఓపిక తగ్గి సన్నటి మొలకలే మిగులుతాయి. కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోయి చీకట్లోనే మొలకలు వచ్చేసిన విత్తనానికీ ఇదే వైద్యం. తెల్లటి పొడుగు మొలకలను దులిపేసి, వెలుతురులో కొత్తవి రానివ్వాలి.

మొలకల సంఖ్యను బట్టి పంట తీరు మారుతుంది. కాండాలు ఎక్కువైతే గడ్డల సంఖ్య పెరుగుతుంది, సైజు తగ్గుతుంది. కాండాలు తగ్గితే గడ్డలు తక్కువగా, పెద్దవిగా వస్తాయి. విత్తనం కోసం పండించేవారికి చిన్న గడ్డలు ఎక్కువగా కావాలి. కూరగాయల మార్కెట్టుకు మధ్యరకం సైజు కావాలి. మార్కెట్టుకు పంపే రైతుకు గడ్డకు మూడు నుంచి ఐదు మొలకలు ఉంటే చాలు.

మొలక తెప్పించడంలో మరో పెద్ద మేలు ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. మొలక విత్తనానికి పరీక్ష లాంటిది. పరిచిన గడ్డల్లో కొన్నింటికి పది రోజులైనా మొలక రాదు. కొన్నింటికి సన్నటి దారం లాంటి మొలకలు వస్తాయి. అది గడ్డ ముదిరిందనో, వైరస్ వంటి జబ్బు ఉందనో చెప్పే గుర్తు. ఇలాంటివి రెండూ తీసేయాలి. బస్తాలోంచి నేరుగా చేలో వేస్తే ఈ లోపం కనిపించదు. మూడు వారాల తర్వాత చేను నిండా ఖాళీలు కనిపిస్తాయి. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, గడ్డల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు సుమారు 33,000 గడ్డలు పడతాయి. పదింట ఒకటి మొలవకపోయినా 3,300 చోట్లు ఖాళీ. ఆ ఖాళీలకూ దున్నింది, ఎరువు వేసింది, నీరు పెట్టింది రైతే. ఆలుగడ్డ సాగులో విత్తనమే పెద్ద ఖర్చు. పెట్టిన ఆ డబ్బు మొలుస్తుందా లేదా అన్నది చేనుకు వెళ్ళకముందే తెలియడం చిన్న లాభం కాదు.

విత్తనపు గడ్డ 40, 50 గ్రాముల బరువుంటే, అంటే కోడిగుడ్డంత ఉంటే, దాన్ని కోయకుండా మొత్తంగా నాటడం మేలు. పెద్ద గడ్డలను కోయక తప్పదు. కోసేటప్పుడు నిలువుగా, తల నుంచి తోక వైపుకు కోయాలి. అప్పుడు ప్రతి ముక్కకూ తల దగ్గరి మంచి కళ్ళు దక్కుతాయి. ముక్కకు కనీసం రెండు కళ్ళు ఉండాలి, బరువు 30, 40 గ్రాములకు తగ్గకూడదు. మరీ చిన్న ముక్కలో మొలకకు తిండి చాలదు. కుళ్ళిన గడ్డను కోసిన కత్తితోనే మంచి గడ్డను కోస్తే జబ్బు వరుసగా అన్నింటికీ అంటుతుంది. రెండు కత్తులు పెట్టుకోవాలి. ఒకటి మందునీళ్ళలో నానుతుంటే ఇంకొకటి కోయాలి.

కోసిన ముక్కను అదే రోజు నాటకూడదు. కోత మీద కొత్త పొర కట్టాలి. దానికి నీడలో, గాలి ఆడే చోట కొన్ని రోజులు పడుతుంది. పొర కట్టాక ముక్క ఎండదు, జబ్బు లోపలికి పోదు. మందు పట్టించాలనుకుంటే లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి పది నిమిషాలు ముంచి నీడలో ఆరబెట్టాలి. ఈ పని మొలకలు రాకముందే ముగించాలి. మొలకలు వచ్చాక ముంచితే అవి విరుగుతాయి. చేతులకు తొడుగులు వేసుకోవడం మరవకూడదు. నేల ఇంకా వేడిగా ఉన్న అక్టోబరు నాట్లలో కోసిన ముక్కలు ఎక్కువగా కుళ్ళుతాయి. ముందుగా నాటే రైతు మొత్తం గడ్డనే ఎంచుకోవడం మంచిది.

ఇక నాటే రోజు. పది రోజుల శ్రమ ఒక్క గంటలో పాడయ్యేది ఇక్కడే. మొలకెత్తిన గడ్డలను మళ్ళీ బస్తాల్లో నింపి, కట్టి, ట్రాక్టర్లో వేసి, గట్టున దబ్బున పడేస్తే మొలకలు రాలిపోతాయి. క్రేట్లలో గానీ వెడల్పాటి గంపల్లో గానీ పలచగా పెట్టి మోయాలి. చేలో విసరకుండా చేత్తో పెట్టాలి. మొలకలు పైకి చూసేలా ఉంచాలి. చల్లని పొద్దున గానీ సాయంత్రం గానీ నాటాలి. చేనులో ముందే పదును ఉండాలి. పిడికిట పట్టిన మట్టి ముద్ద కట్టి, వదిలితే విడిపోవాలి. అది సరైన పదును. బురదలో నాటితే గడ్డకు ఊపిరాడదు. పొడిమట్టిలో నాటితే లేత మొలక ఎండుతుంది.

ఎరువు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. యూరియా గానీ మరే రసాయన ఎరువు గానీ మొలకకు నేరుగా తగిలితే మొలక మాడిపోతుంది. సాలులో ఎరువు వేశాక దాని మీద మట్టి కప్పి, ఆ పైన గడ్డ పెట్టాలి. లేదా ఎరువును గడ్డకు పక్కగా వేయాలి. గడ్డ మీద ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మట్టి పడేలా బోదె కట్టాలి. మొదటి తడి పలచగా ఇవ్వాలి. నీరు బోదె సగానికి మించి ఎక్కకూడదు.

మొలకెత్తిన విత్తనం నాటిన చేను పది పన్నెండు రోజులకు పచ్చబడుతుంది. అన్నీ ఒకేసారి లేస్తాయి. చేను ఒకే ఈడున ఉండడం వల్ల తర్వాతి పనులన్నీ తేలికవుతాయి. ఆకులు త్వరగా కమ్ముకోవడంతో కలుపు తగ్గుతుంది. నెల రోజులకు మట్టి ఎగదోసే పని చేను మొత్తానికి ఒకేసారి చేయవచ్చు. మట్టి సరిగ్గా కప్పితే పైకి తేలి పచ్చబడే గడ్డలు తగ్గుతాయి. తవ్వే వేళకు కొన్ని ముదిరి, కొన్ని లేతగా ఉండే ఇబ్బంది తప్పుతుంది. లేత గడ్డకు తోలు ఊడిపోతుంది, ప్రయాణానికి ఆగదు. ఒకే ఈడు పంట బస్తాలో ఒకేలా కనిపిస్తుంది.

ఈ పద్ధతి చేయలేని పనులు కూడా ఉన్నాయి. మొలక తెప్పించినంత మాత్రాన వైరస్ ఉన్న గడ్డ బాగుపడదు. డిసెంబరు చివర నాటిన పంటను ఇది కాపాడలేదు. అన్నింటికంటే ముఖ్యంగా, కూరకు అమ్మే గడ్డను ఇది విత్తనంగా మార్చలేదు. బజారు గడ్డ చవకగా దొరుకుతుందని కొందరు అదే నాటుతారు. అందులో జబ్బు ఉండవచ్చు, ఏ రకమో తెలియదు. పైగా చిప్స్ వంటి వాటి కోసం కాస్త వెచ్చటి గిడ్డంగుల్లో దాచే గడ్డలకు మొలక రాకుండా ఆపే మందు పొగబెడతారు. దాని పేరు క్లోర్‌ప్రొఫామ్. ఆ మందు తగిలిన గడ్డ బజారుకు వచ్చి విత్తనంగా చేరితే, ఎంత వెలుతురులో పరిచినా సరిగ్గా మొలవదు. విత్తనమని అమ్మిన గడ్డనే, ధ్రువీకరణ చూసి కొనాలి. అప్పుడే తవ్విన కొత్త గడ్డకు నిద్ర ఇంకా తీరదు. దాన్ని వెంటనే నాటాల్సి వస్తే థయోయూరియా, జిబ్బరెల్లిక్ ఆమ్లం వంటివాటితో నిద్ర విడగొట్టే పద్ధతులు ఉన్నాయి. వాటి మోతాదులో పొరపాటు జరిగితే మొలక పాడవుతుంది. వ్యవసాయ, ఉద్యాన అధికారిని అడిగి మాత్రమే వాడాలి.

నాట్లు అయ్యాక కొన్ని గడ్డలు మిగులుతాయి. వాటిని పారేయక చేను మూలన ఒక చిన్న వరుసలో దగ్గరదగ్గరగా నాటి ఉంచితే, చేను పచ్చబడ్డాక మొలవని చోట్లు నింపడానికి పనికొస్తాయి. ఇంటికి మాత్రం తీసుకెళ్ళకూడదు. వెలుతురులో పచ్చబడిన గడ్డలో, దాని మొలకలో సొలనిన్, చాకొనిన్ అనే విషపదార్థాలు పెరుగుతాయి. ఉడికించినా అవి పోవు. వాంతులు, కడుపునొప్పి వస్తాయి. మందు పట్టించిన విత్తనమైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ గడ్డలను కూర వండకూడదు, పశువుల తొట్టిలో వేయకూడదు. నాటగా మిగిలినవి, కుళ్ళినవి, మొలవనివి అన్నీ చేనుకు దూరంగా గుంత తీసి పూడ్చిపెట్టాలి.